తాతగారి రేజర్లు ఫారిన్ పంపాలంటే పదును కాదు, పిడి చూడాలి

ప్రశ్న: నమస్తే సార్. మాది పద్మారావునగర్. తాతయ్యగారి పాత ఇల్లు బిల్డర్‌కి ఇస్తున్నాం, సామాను తీస్తుంటే ట్రంకు పెట్టెలో ఆయన షేవింగ్ సామాను మొత్తం దొరికింది. తాతయ్య నిజాం రైల్వేలో చేసేవారు. అందులో రెండు జిల్లెట్ రేజర్లు ఉన్నాయి, ఒకదాని మీద పేటెంట్ నవంబర్ 15, 04 అని ఉంది, రెండోది పిడి చివర తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకుంటాయి, దాని కింద వై 2 అని చెక్కి ఉంది. ఇంకా మూడు మంగలికత్తులు: ఒకటి నల్ల పిడి, ఒకటి తెల్ల పిడి (పసుపు తిరిగింది), ఒకటి తేనెరంగులో మచ్చలు మచ్చలుగా ఉన్న పిడి. ఒక రేకు డబ్బా నిండా పాత బ్లేడ్లు కూడా. న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య జిల్లెట్లు తనకి పంపమంటున్నాడు. తెల్ల పిడి కత్తి ఫోటో చూసి జర్మనీలో ఒకాయన కొంటానన్నాడు. మా వీధిలో కొరియర్ షాపతను "స్టీల్ ఐటమ్స్, గిఫ్ట్, పది డాలర్లు అని రాసేద్దాం మేడం, ఎవరూ అడగరు" అన్నాడు. నిజంగా అడగరా? కత్తులు కదా, కస్టమ్స్‌లో పట్టుకుంటే ఏంటి పరిస్థితి?

సమాధానం: చూడమ్మా, మీరు కత్తి అనే మాట దగ్గర భయపడుతున్నారు, కొరియర్ అతను డ్యూటీ దగ్గర భయపడుతున్నాడు, ఇద్దరూ అసలు చోటు వదిలేశారు. గడ్డం గీసుకునే రేజర్ అంటే కస్టమ్స్ లెక్కలో ఆయుధం కాదు, మామూలు సరుకు, దానికి ప్రపంచమంతా ఒకటే కోడ్ ఉంది, 8212 10 అని, సేఫ్టీ రేజరైనా మంగలికత్తి అయినా అందులోకే వస్తుంది, విడి బ్లేడ్లకి 8212 20. మీ పెట్టెలో ఇబ్బంది పెట్టగలిగేవి రెండే రెండు: పిడి దేంతో చేశారు, వస్తువుకి వందేళ్ళు దాటాయా లేదా. ఈ రెండూ తేలకుండా పార్సెల్ కట్టొద్దు, అసలు తెల్ల పిడి విషయంలో అయితే ఆ జర్మనీ ఆయన దగ్గర అడ్వాన్స్ కూడా తీసుకోవద్దు.

ముందు తెల్ల పిడి సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిగతావన్నీ కలిపినా దీనంత పెద్ద విషయం కాదు. పాత మంగలికత్తులకి తెల్ల పిడి ఉందంటే అది మూడిట్లో ఒకటి: ఏనుగు దంతం, ఎముక, లేదా సెల్యులాయిడ్. ఎక్కువ శాతం సెల్యులాయిడే ఉంటాయి, అసలు ఆ పదార్థం పుట్టిందే దంతానికి బదులుగా, అమెరికాలో హయత్ అనే ఆయన బిలియర్డ్స్ బంతులకి దంతం దొరక్క, ఖరీదు భరించలేక వేరేది వెతుకుతూ 1870 ప్రాంతంలో దాన్ని తయారుచేశాడు, ఆ తర్వాత దువ్వెనలు, కత్తి పిడులు, అద్దాల ఫ్రేములు అన్నీ దాంతోనే వచ్చాయి. ఎక్కువ శాతం అన్నాను కదా అని ఊపిరి పీల్చుకోకండి, ఇంగ్లండ్‌లో కత్తులకి పేరుపడ్డ ఊరు షెఫీల్డ్‌లో పేరున్న కంపెనీలు అసలు దంతం పిడులు కూడా బాగానే చేశాయి, మనది కంటోన్మెంట్ ఉన్న ఊరు కాబట్టి అలాంటి మంచి సరుకు సికింద్రాబాద్‌కి రావడం వింతేం కాదు.

ఎలా తెలుసుకోవాలి అంటే, ఒక భూతద్దం తీసుకుని పగటి వెలుతురులో కూర్చోండి. పిడి పక్కలు కాదు, రెండు చివర్లూ, అంచులూ చూడండి, అంటే అడ్డంగా కోసినట్టు కనిపించే చోటు. అసలు దంతమైతే అక్కడ సన్నగా ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలు, వల అల్లినట్టు కనిపిస్తాయి. రేజర్ పిడి చాలా పల్చగా ఉంటుంది కాబట్టి ఒక్కోసారి కనపడీ కనపడనట్టు ఉంటాయి, ఓపిగ్గా తిప్పి తిప్పి చూడాలి. ఎముక అయితే చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు, గాట్లు ఉంటాయి, అవి ఒకప్పుడు రక్తనాళాలు పోయిన దారులు, అందులో మురికి చేరి నల్లబడతాయి. సెల్యులాయిడ్‌లో కూడా గీతలుంటాయి, కానీ అవి రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు సమానంగా, ఒకే దిక్కుకి వెళ్తాయి, అలా మరీ నీటుగా ఉన్నాయంటే అది మనిషి చేసిందే. అరచేత్తో కాసేపు గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, ఎందుకంటే అందులో కర్పూరం నిజంగానే కలుపుతారు.

ఒకటి మాత్రం చెయ్యొద్దు. సూది ఎర్రగా కాల్చి గుచ్చి చూడమని చాలామంది సలహా ఇస్తారు, వినకండి. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది, పాత సినిమా రీళ్ళు తగలబడ్డాయని వింటాం కదా, ఆ కుటుంబానికి చెందిన పదార్థమే ఇది. దంతమైతే వస్తువు పాడవుతుంది, సెల్యులాయిడ్ అయితే చెయ్యి కాలుతుంది.

సరే, చూశారు, దంతమే అని అనుమానం వచ్చింది అనుకుందాం. అప్పుడు జర్మనీ మాట మర్చిపోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం వ్యాపారం మన దేశంలో నిషేధం, 1991 సవరణతో బయటి దేశాల నుంచి వచ్చిన దంతం కూడా ఇందులోకి వచ్చేసింది, కాబట్టి "ఇది ఆఫ్రికా ఏనుగుది అండి, ఇంగ్లండ్‌లో తయారైంది, ఇండియా ఏనుగుకి సంబంధం లేదు" అనే వాదన పనికిరాదు. 2003లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు వ్యాపారులు, వేల ఏళ్ళ క్రితం అంతరించిపోయిన మామత్ అనే ఏనుగు జాతి దంతం అయినా సరే అమ్మడానికి వీల్లేదని కోర్టు చెప్పేసింది. ఇంక మీ తాతయ్యగారి కత్తి ఎంత. అటువైపు కూడా దారి లేదు, వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటీస్‌లో ఏనుగు దంతం చాలావరకు అన్నిటికంటే కఠినమైన మొదటి జాబితాలో ఉంది, యూరప్ వాళ్ళు, అమెరికా వాళ్ళు, బ్రిటన్ వాళ్ళు ఎవరికి వాళ్ళు దానిపైన ఇంకా గట్టి చట్టాలు పెట్టుకున్నారు. కొనే ఆయనకి ఈ సంగతి తెలియకపోయి ఉండొచ్చు, తెలిసి కూడా "పిడి గురించి ఏమీ రాయకండి, రేజర్ అని రాయండి చాలు" అన్నాడంటే మాత్రం ఆ మనిషితో మాట్లాడటమే ఆపెయ్యండి, ఎందుకంటే దొరికితే దొరికేది పంపినవాళ్ళ పేరు.

ఇంట్లో ఉంచుకోవచ్చా అంటే, దానికీ ఒక పద్ధతుంది. వారసత్వంగా వచ్చిన ఇలాంటి వస్తువు ఉంటే, వచ్చిన 90 రోజుల్లోపు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి డిక్లరేషన్ ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. మనకి సైఫాబాద్‌లో అరణ్య భవన్, అటవీశాఖ హెడ్డాఫీసు అక్కడే. ఒక లాయర్‌ని మాట్లాడుకుని, పెట్టె ఎప్పుడు దొరికింది, ఎవరిది, తాతయ్యగారు ఎప్పుడు పోయారు, ఇవన్నీ కాగితం మీద పెట్టుకుని వెళ్ళండి. తాతయ్యగారి పేరు మీద పాత సర్టిఫికెట్ ఏదైనా ఉందేమో ట్రంకు అడుగున కాగితాల్లో కూడా వెతకండి, చెత్త అని పారెయ్యకండి. పాత వస్తువులు సేకరించే కలెక్టర్లు కొందరు పిడి తీసేయించి, కొమ్ముతోనో చెక్కతోనో వేరే పిడి వేయించి పాతదాంట్లో అలుగు, అంటే గీసే ఉక్కు భాగం, మాత్రమే పంపుతారు, అది కుదిరే పనే, కానీ తీసిన దంతం ముక్కలు మీ దగ్గరే మిగులుతాయి కాబట్టి ముందు డిక్లరేషన్ సంగతి చూసుకున్నాకే అలాంటి ఆలోచన.

తేనెరంగు మచ్చల పిడి కూడా ఇలాంటి తలనొప్పే. అది తాబేలు చిప్ప అయ్యుండొచ్చు, హాక్స్‌బిల్ అనే సముద్ర తాబేలుది, దానికీ దంతానికి పట్టిన గతే, అదే మొదటి జాబితా, మన చట్టంలోనూ షెడ్యూల్ ఒకటి. ఇదీ భూతద్దంతోనే తేలుతుంది: అసలు చిప్పలో ముదురు మచ్చని దగ్గరగా చూస్తే అది సన్న సన్న చుక్కలన్నీ కలిసి అయిన రంగు, అంచు మసకగా కలిసిపోతుంది. ప్లాస్టిక్, సెల్యులాయిడ్ అయితే రంగు పోసి కలిపినట్టు సుడులు, అంచులు తేటగా ఉంటాయి. కొమ్మునే మరిగించి మచ్చలు వచ్చేలా రంగేసినవి కూడా ఉన్నాయి, వాటిలో నారల్లాంటి పొడుగు గీతలు కనిపిస్తాయి. నల్ల పిడి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, గేదె కొమ్మో, గట్టి రబ్బరో అయ్యుంటుంది, అది వెళ్తుంది, ఫారంలో మెటీరియల్ దగ్గర కొమ్ము అయితే బఫెలో హార్న్ అని రాయండి, ఊరికే హార్న్ అని వదిలేస్తే ఏ జంతువుది అని అడిగే అవకాశం ఇచ్చినట్టే.

ఇప్పుడు వయసు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు, ఎందుకంటే నెట్‌లో విదేశీ కలెక్టర్లు రాసింది చదివి దాన్నే ఇక్కడ చేస్తారు. వాళ్ళ దేశాల్లో వందేళ్ళు దాటిన వస్తువుకి 9706 అని విడిగా కోడ్ ఉంది, చాలా చోట్ల దానికి సుంకం ఉండదు, పన్ను కూడా తక్కువ పడే దేశాలున్నాయి, కాబట్టి వాళ్ళు ఏ కాస్త పాతదైనా యాంటిక్ అని రాయమంటారు. మీరు హైదరాబాద్ నుంచి పంపే పార్సెల్ మీద ఆ మాట రాశారంటే అటు వెళ్ళడం సంగతి తర్వాత, ఇక్కడే ఆగుతుంది. మనకి 1972లోనే వచ్చిన ఇంకో చట్టం ఉంది, యాంటిక్విటీస్ అండ్ ఆర్ట్ ట్రెజర్స్ యాక్ట్, అమల్లోకి వచ్చింది 1976లో. వందేళ్ళు నిండిన పురావస్తువుని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థకీ తప్ప మామూలు మనిషికి లేదు, కాదని పంపితే ఆరు నెలలకి తక్కువ కాకుండా మూడేళ్ళ వరకు జైలు, జరిమానా. ఫ్యాక్టరీలో వేలకి వేలు తయారైన రేజర్ పురావస్తువా అని మీరు నవ్వొచ్చు, నేనూ నవ్వుతాను, కానీ చట్టంలో మాటలు చాలా వెడల్పుగా ఉన్నాయి, గత కాలపు చేతిపనుల్నీ ఆచారాల్నీ చూపించే వస్తువు ఏదైనా అన్నట్టుగా, ఆ గీత ఎక్కడ గీయాలన్నది మీ చేతిలో, నా చేతిలో లేదు. విగ్రహాల స్మగ్లింగ్ ఆపడానికి రాసిన చట్టం కాబట్టి కౌంటర్‌లో ఉన్న ఆఫీసర్ వందేళ్ళు అనే మాట వినగానే జాగ్రత్త పడతాడు, అతన్ని తప్పు పట్టలేం.

కాబట్టి మీ వస్తువుల వయసు మీరే ముందు తేల్చుకోండి, అంత కష్టం కాదు. రెక్కలు తెరుచుకునే జిల్లెట్ మీద వై 2 అని ఉందన్నారు కదా, అది అమెరికాలో తయారైనదైతే తేదీ కోడ్. జిల్లెట్ వాళ్ళు 1951 నుంచి రేజర్ల మీద ఒక అక్షరం, ఒక అంకె వేశారు, అక్షరం ఏడాది, అంకె ఆ ఏడాదిలో ఎన్నో త్రైమాసికం. డబ్ల్యూ 1951, ఎక్స్ 1952, వై 1953, జెడ్ 1954, మళ్ళీ ఎ 1955 నుంచి మొదలు. అంటే మీది 1953 ఏప్రిల్, జూన్ మధ్యలో తయారైంది, వందేళ్ళకి చాలా దూరం, దీనికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, హాయిగా పంపుకోండి.

రెండోదాని మీద ఉన్న నవంబర్ 15, 04 చూసి ఇది 1904లో తయారైంది అనుకోవద్దు. అది ఆ కంపెనీ పెట్టిన కింగ్ జిల్లెట్ అనే ఆయనకి అమెరికాలో పేటెంటు వచ్చిన తేదీ, ఆ తర్వాత ఏళ్ళ తరబడి చేసిన రేజర్ల మీద అదే తేదీ కొట్టుకుంటూ పోయారు. అసలు వయసు చెప్పేది దాని సీరియల్ నంబర్, పిడి మీదో తల లోపలో ఉంటుంది, ఆ నంబర్లు ఏ ఏడాదికి ఎంతవరకు వెళ్ళాయో కలెక్టర్లు పట్టికలు కట్టి పెట్టారు, మీ అన్నయ్యకి ఈ పిచ్చి ఉంది కాబట్టి ఆయనకే ఫోటో పంపి తీయించండి. నంబర్ వేసే పద్ధతి 1930ల మొదట్లో ఆగిపోయింది, కాబట్టి నంబర్ ఉందంటే వస్తువు వందేళ్ళకి అటో ఇటో ఉంటుంది. స్పష్టంగా ఇటు ఉంటే ఆ పట్టిక ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి చాలు. అటు ఉన్నా, తేలకపోయినా పురావస్తు శాఖ హైదరాబాద్ సర్కిల్ ఆఫీసుకి ఫోటోలతో అప్లికేషన్ పెట్టుకోవాలి, వాళ్ళు చూసి ఇది పురావస్తువు కాదు అని సర్టిఫికెట్ ఇస్తే, దాన్ని నాన్ యాంటిక్విటీ సర్టిఫికెట్ అంటారు, అది పార్సెల్ కాగితాలతో పాటు పెడితే ఇంక ఎవరూ ఆపరు. పేటెంటు తేదీ రేజర్ మీదే చెక్కి ఉంది కాబట్టి బాక్సు తెరిచిన ఆఫీసర్ కంటికి మొదట పడేది అదే, అందుకని ఈ ఒక్కదాని విషయంలో కాగితం చేతిలో ఉండటమే మేలు.

మంగలికత్తులకి అలుగు తోకమీద, అంటే మెడ దగ్గర, ఏం రాసుందో చూడండి. ఇంగ్లండ్ అనో జర్మనీ అనో దేశం పేరు ఉందంటే చాలామటుకు 1891 తర్వాతది, ఎందుకంటే అమెరికా వాళ్ళు మెకిన్లీ టారిఫ్ చట్టం పెట్టి మా దేశంలోకి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాల్సిందే అన్నారు, అప్పట్నుంచి కంపెనీలన్నీ కొట్టడం మొదలెట్టాయి. మేడ్ ఇన్ అని పూర్తిగా ఉంటే ఇంకా తర్వాతది అయ్యే అవకాశం ఎక్కువ. షెఫీల్డ్ కంపెనీ జోసెఫ్ రాడ్జర్స్ వాళ్ళ కత్తుల మీద కిరీటానికి అటూ ఇటూ రాజుగారి అక్షరాలుంటాయి, వి ఆర్ అంటే విక్టోరియా, అంటే 1901కి ముందు, ఇ ఆర్ అంటే 1901 నుంచి 1910, జి ఆర్ అంటే ఆ పైన. వి ఆర్ గానీ ఇ ఆర్ గానీ కనపడిందంటే అది వందేళ్ళు దాటినట్టే లెక్క, ఆ కత్తి ఇంట్లోనే ఉంచండి, లేదా సర్టిఫికెట్‌కి వెళ్ళండి, మధ్యలో ఇంకో దారి లేదు.

ఇంక మీ కొరియర్ షాపతను చెప్పింది. స్టీల్ ఐటమ్స్, గిఫ్ట్, పది డాలర్లు. ఈ మూడు ముక్కల్లో ప్రతి ముక్కా మీకు నష్టమే, అతనికి ఏం పోదు. స్టీల్ ఐటమ్స్ అంటే స్కానింగ్‌లో అలుగు ఆకారం కనపడగానే రాసిందానికీ ఉన్నదానికీ పొంతన లేదని బాక్సు విప్పుతారు, ఉన్నది ఉన్నట్టు రాసుంటే విప్పాల్సిన పనే ఉండేది కాదేమో. పది డాలర్లు అని రాస్తే పార్సెల్ పోయినప్పుడు మీకొచ్చే నష్టపరిహారం కూడా రాసిన విలువని మించదు. గిఫ్ట్ అనేది అన్నయ్యకి పంపేదానికి నిజం, జర్మనీ ఆయన డబ్బులిచ్చి కొంటున్నాడు, అది గిఫ్ట్ ఎలా అవుతుంది, మీ అకౌంట్లో డబ్బు పడిన రికార్డు ఒకవైపు, గిఫ్ట్ అన్న ఫారం మీ సంతకంతో ఇంకోవైపు ఉంటాయి.

ఫారంలో ఇలా రాయండి: యూజ్డ్ మాన్యువల్ సేఫ్టీ రేజర్, నికెల్ ప్లేటెడ్ బ్రాస్, నో బ్లేడ్, మేడ్ ఇన్ యూఎస్ఏ, 1953, ఒకటి, కోడ్ 8212 10, ఎంత విలువ. (బ్రాస్ అవునో కాదో చూసుకుని రాయండి, పూత ఊడిన చోట పసుపు కనపడుతుంది.) మంగలికత్తి అయితే స్ట్రెయిట్ రేజర్ ఫర్ షేవింగ్ అనండి, నైఫ్ అని ఎక్కడా రాయకండి, కత్తుల మీద ఒక్కో దేశంలో ఒక్కో గోల ఉంటుంది, మనది కత్తి కాదు కూడా. విలువ అంటే నెట్‌లో ఎవడో ఐదొందల డాలర్లకి పెట్టి అమ్ముడుపోకుండా ఉన్నది కాదు, అలాంటిదే, అదే కండిషన్‌లో ఉన్నది నిజంగా అమ్ముడుపోయిన ధర. మామూలు పాత జిల్లెట్లు చాలావరకు కొన్ని పదుల డాలర్లే ఉంటాయి, బంగారుపూత ఉన్నవి, పెట్టెతో సహా పూర్తి సెట్టు ఉన్నవి ఎక్కువ పలుకుతాయి. పోస్టాఫీసులో చిన్న ప్యాకెట్‌కి సీఎన్ 22 అనీ, విలువ ఎక్కువైతే సీఎన్ 23 అనీ ఫారాలుంటాయి, పార్సెల్ కాగితాల్లో డెలివరీ కాకపోతే ఏం చెయ్యాలి అని ఒక గడి ఉంటే దాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, వదలొద్దు, పంపినవారికి వాపస్ అన్నదానికి టిక్ పెట్టండి, లేకపోతే తాతయ్యగారి రేజర్ ఏ దేశపు గోడౌన్‌లోనో మిగిలిపోతుంది.

అమెరికా విషయంలో పాత లెక్కలు మర్చిపొమ్మని మీ అన్నయ్యకి చెప్పండి. ఇదివరకు 800 డాలర్ల వరకు ఏమీ అడిగేవాళ్ళు కాదు, 2025 ఆగస్టు 29 నుంచి ఆ సౌకర్యం అన్ని దేశాలకీ తీసేశారు. ఆ గందరగోళంలో మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకి చాలా రకాల పార్సెళ్ళు ఆపేసి, మళ్ళీ అక్టోబర్ 15న మొదలుపెట్టింది. మీకు పనికొచ్చేది ఏంటంటే, మనిషి నుంచి మనిషికి నిజంగా బహుమతిగా పంపేది 100 డాలర్ల లోపు ఉంటే దానికి ఆ మినహాయింపు మిగిలే ఉంది, ఒక మనిషికి ఒక రోజులో చేరేవి కలిపి లెక్కేస్తారు కాబట్టి రెండు రేజర్లూ రెండు బాక్సుల్లో ఒకే రోజు పంపి తెలివి చూపించాలనుకోకండి. 1953ది ఇప్పుడు పంపండి, రెండోది ఎలాగూ వయసు తేలాకే కదా. సుంకం రేట్లు అక్కడ ఈ మధ్య ఎలా మారుతున్నాయో మీరు పేపర్లో చూస్తున్నారు, బుక్ చేసే రోజు కౌంటర్‌లోనే అడిగి తెలుసుకోండి, నేను ఇప్పుడు రాసిన శాతం మీరు చదివేసరికి ఉండకపోవచ్చు.

జర్మనీ ఆయనకి అమ్మేది, పిడి సెల్యులాయిడ్ అనో ఎముక అనో తేలి, వయసు కూడా వందేళ్ళ లోపే అని తేలితేనే. అప్పుడది ఎగుమతి కిందకి వస్తుంది, ఎగుమతి అంటే పాన్ మీద ఐఈసీ అనే ఎగుమతి దిగుమతుల కోడ్ తీసుకోవాలి, విదేశీ వ్యాపారం చూసే డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయలు కట్టి ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. పోస్టులో అయితే పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే ఎగుమతి ఫారం నింపాలి, దీనికోసమే డాక్ ఘర్ నిర్యాత్ కేంద్ర అని పోస్టాఫీసుల్లో పెట్టారు, వాళ్ళే దగ్గరుండి నింపిస్తారు. కొరియర్ అయితే కస్టమ్స్ ఫారాలు వేరు, అమ్మకానికి సీఎస్‌బీ 5, గిఫ్టులకి సీఎస్‌బీ 4, ఈ తేడా మీ షాపతనికి తెలుసో లేదో అడిగి చూడండి, మొహం తెల్లగా పెడితే ఇంకో షాపు చూసుకోండి. ఒక్క రేజర్ కోసం ఇదంతా ఎందుకులే అనిపిస్తే నిజాయితీగా చెప్పాలంటే నాకూ అలాగే అనిపిస్తుంది, ఇంకా నాలుగైదు అమ్మే ఉద్దేశం ఉంటే తీసుకోండి, లేదంటే ఇక్కడే కొనేవాళ్ళున్నారు, మన దేశంలో పాత రేజర్లతో గడ్డం గీసుకునే కుర్రాళ్ళు బాగా పెరిగారు. మన పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌కి మాత్రం తీసుకెళ్ళకండి, అక్కడ కొనడానికి వెళ్ళాలి గానీ అమ్మడానికి కాదు. కొనే ఆయనకి కూడా ముందే చెప్పెయ్యండి, 2021 జూలై 1 నుంచి యూరప్‌లోకి వచ్చే సరుకు ఎంత చిన్నదైనా వ్యాట్ పడుతుంది, జర్మనీలో మామూలు రేటు 19 శాతం, అది ఆయన కట్టుకోవాలి, తర్వాత మీతో గొడవ పెట్టుకోకూడదు.

పాత బ్లేడ్ల డబ్బా కూడా ఉందన్నారు. వాడేసిన బ్లేడ్లు పంపకండి, తుప్పు, ఎప్పటిదో రక్తం, వెంట్రుకలు, ఎవరికీ మంచిది కాదు, డబ్బాకి టేపు చుట్టి పైన బ్లేడ్లు అని పెద్ద అక్షరాలతో రాసి చెత్త బండి అమ్మాయికి విడిగా చేతికి చెప్పి ఇవ్వండి. మడత విప్పని కాగితంలో ఉన్న కొత్తవి ఉంటే, ఆ కాగితాల మీద బొమ్మల కోసమే కలెక్టర్లు అడుగుతారు, అవి 8212 20 కింద వేరే లైన్‌లో రాసి పంపొచ్చు. రేజర్లని కూడా పంపేముందు గోరువెచ్చని సబ్బునీళ్ళతో పాత బ్రష్షుతో కడిగి ఆరబెట్టండి, మంగలికత్తి అయితే పిడి లోపలికి నీళ్ళు వెళ్ళనివ్వకుండా తుడవండి. మెరుగు పెట్టించొద్దు, కలెక్టర్ల దగ్గర మెరుగు పెడితే విలువ పెరగదు, తగ్గుతుంది.

ప్యాకింగ్‌లో అలుగుకి మిషన్ ఆయిల్ పల్చగా రాసి, మూసి, విప్పుకోకుండా నూలు దారం చుట్టండి, రబ్బర్ బ్యాండ్ వద్దు, అందులో గంధకం ఉంటుంది, నెల రోజుల ప్రయాణంలో లోహం మీద మచ్చ దింపుతుంది. దాని మీద గట్టి అట్టతో ఒర లాగా చేసి, ఆపైన రేకు డబ్బాలో పెట్టి, డబ్బా లోపల కదలకుండా కాగితం కుక్కండి. తనిఖీ చేసేవాడు చెయ్యి పెడితే తెగకూడదు, అది లెక్క. సెల్యులాయిడ్ పిడి ఉన్నదాన్ని వేరే రేజర్లతో కలిపి ఒకే డబ్బాలో మూసి పెట్టొద్దు, అది పాడవడం మొదలైతే ఆవిరి వదుల్తుంది, పక్కనున్న ఉక్కు మొత్తం తుప్పు పట్టిపోతుంది, ఇంట్లో కూడా విడిగానే ఉంచండి. బాక్సుని ఇంట్లోనే టేపులు వేసి సీల్ చేసి తీసుకెళ్ళకండి, అబిడ్స్ జీపీఓ అయినా ఇంకెక్కడైనా ఫారిన్ పార్సెల్ లోపల ఏముందో చూడాలంటారు, విప్పే ఉంచి తీసుకెళ్ళి చూపించి అక్కడ మూయించండి, ఆధార్ కాపీ పట్టుకెళ్ళండి.

ఇంతా చదివి "ఎవరో ఒకరు అమెరికా వెళ్తూనే ఉంటారుగా, వాళ్ళ చేతికిచ్చేస్తే పోలా" అంటారని తెలుసు, మన ఊళ్ళో అందరూ చివరికి అక్కడికే వస్తారు. 1953 జిల్లెట్‌కి అయితే నిజంగా అదే సులువు, బ్లేడ్ లేకుండా, చెక్-ఇన్ బ్యాగులో, పచ్చళ్ళకీ వడియాలకీ మధ్యలో. చేతిసంచిలో మాత్రం వద్దు, మంగలికత్తి అయితే అసలే వద్దు, సెక్యూరిటీ దగ్గర అక్కడికక్కడే తీసిపడేస్తారు. తీసుకెళ్ళే మనిషికి లోపల ఏముందో చూపించి ఇవ్వండి, "ఏవో తాతయ్యగారి సామాన్లు" అని మూట కట్టి ఇవ్వడం మర్యాద కాదు. దంతం, తాబేలు చిప్ప, వందేళ్ళు దాటింది, ఇవి బ్యాగులో పెట్టినా చట్టం అదే, పైగా దొరికేది పాపం మోసుకెళ్ళిన మనిషి.

మీ అన్నయ్య బదులుగా ఏదైనా పంపుతానంటే, 2019 డిసెంబర్ నుంచి మన దేశంలోకి పోస్టులో, కొరియర్‌లో వచ్చే గిఫ్టులకి పాత మినహాయింపు లేదు, రాఖీకీ ప్రాణం నిలిపే మందులకీ తప్ప, మిగతా దేనికైనా సుంకం కట్టి తీసుకోవాల్సిందే. అందుకని వచ్చేటప్పుడు ఆయన్నే తెమ్మనండి.

ఈ వారంలో మీరు చెయ్యాల్సింది తెల్ల పిడి రెండు చివర్లూ, తేనెరంగు పిడి మచ్చల అంచులూ దగ్గర్నుంచి ఫోటో తీసి నాకు పంపడం, ఫ్లాష్ వెయ్యకుండా, కిటికీ దగ్గర. ఫోటో చూసి ఇది ఖాయంగా ప్లాస్టిక్ అని చెప్పగలిగితే చెప్తాను, దంతం అనిపిస్తే మాత్రం అరణ్య భవన్ వాళ్ళే చూడాలి.